పదేళ్ల బెంజ్ చవకగా వస్తుందన్న మెసేజ్‌కి నా జవాబు

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. "కొత్త బ్రెజా కొనే డబ్బుతో పదేళ్లు దాటిన బెంజో బీఎండబ్ల్యూనో కొనేవాడే తెలివైనవాడు" అని మొదలవుతుంది, కింద పాయింట్లు, చివర్లో "పది మందికి పంపండి". కాలేజీ గ్రూపులో ఒకరు పంపారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు. ఆఖరికి మా బావమరిది కూడా "బావా, ఒక బండి చూశాను, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేద్దామనుకుంటున్నా" అంటూ అదే పంపాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. పాత బెంజ్ నేనూ నడుపుతున్నాను, ఆ బండంటే నాకు ప్రాణం. కుళ్లుతో రాస్తున్నానని మాత్రం అనుకోవద్దు.

"ధర పడాల్సిందంతా పడిపోయింది, ఇక మీకు నష్టమే లేదు" అనేది మొదటి పాయింట్. పడింది బండి ధర. స్పేర్ల ధర పడలేదు, పైగా ఏటా పెరుగుతోంది. 2011లో 40 లక్షలు దాటి పెట్టి కొన్న ఈ-క్లాస్ ఇప్పుడు ఏ ఎనిమిది లక్షలకో రావచ్చు, కానీ దాని హెడ్‌లైటు, దాని గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ ఈ రోజుకీ 40 లక్షల బండి సామాన్లే. ఎస్-క్లాస్ అయితే ఇంకా దారుణం. దానికి స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి, మన ఎండలకు ఆ రబ్బరు పగుళ్లు బారుతుంది, సన్నగా గాలి పోతుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ పదేపదే తిరిగి తిరిగి అదీ కాలిపోతుంది. ఆ గాలి సంచి ఉండే స్ట్రట్, కంపెనీది, ఒక్కటే లక్ష దాటుతుంది. అలాంటివి నాలుగు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఎస్-క్లాస్ కొన్నవాడు స్ట్రట్ దగ్గర బేరమాడితే బండి ఒక మూలకు ఒరిగి సెల్లార్‌లోనే ఉంటుంది.

"జర్మన్ ఇంజన్, పది లక్షల కిలోమీటర్లు కళ్లు మూసుకుని తిరుగుతుంది." గ్రీస్‌లో ఒక టాక్సీ డ్రైవర్ తన 240డీ బెంజ్‌ని 46 లక్షల కిలోమీటర్లు తిప్పి 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు, నిజమే. అది 1976 మోడల్, ఎలక్ట్రానిక్స్ లేని డీజిల్, అదీ ఇంజన్లు మార్చుకుంటూ తిప్పాడు. దానికీ, మీరు చూస్తున్న బీఎండబ్ల్యూ 320డీకీ సంబంధమేంటి? ఆ 320డీల్లో 2007 తర్వాత వచ్చిన ఎన్47 ఇంజన్‌కి టైమింగ్ చెయిన్ (ఇంజన్ లోపలి భాగాలను ఒక లయలో తిప్పే గొలుసు) వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. చెయిన్ సాగి గలగలమన్నదంటే దాన్ని మార్చడానికి గేర్‌బాక్సో ఇంజనో కిందికి దించాలి. దించకుండా నడిపి చెయిన్ తెగితే ఇంజనే పోతుంది.

గేర్ ఆయిల్ జన్మలో మార్చక్కర్లేదట, "లైఫ్‌టైమ్" అని కంపెనీయే చెప్పిందట. ఆ బీఎండబ్ల్యూలకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చేసిచ్చే జెడ్ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్యలోనో, ఎనిమిదేళ్లకో మార్చమంటోంది. దీని మీద ఇంతకన్నా మాట్లాడను.

"ఢిల్లీలో డీజిల్ బండ్లు చవక" అన్న పాయింట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పడేది ఇక్కడే. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదని ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో దాన్నే ఖాయం చేసింది, అందుకే అప్పట్లో అక్కడ రేట్లు పడిపోయాయి. అంతవరకు మెసేజ్ రైటే. తర్వాత "తెచ్చుకుని హాయిగా తిరగండి" అంటుంది చూడండి, అక్కడ పెద్ద గొయ్యి ఉంది. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ తేవాలి, 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు వేయించాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ మీరు బేరమాడి కొన్న రేటు మీద వేయరు. బండి కొత్తగా ఉన్నప్పటి ఖరీదు తీసుకుని, వయసును బట్టి శాతం తగ్గించి వేస్తారు. నాలుగు లక్షలకు దొరికిందని సంబరపడ్డ బండికి 40 లక్షల లెక్కన ట్యాక్స్ అన్నమాట! పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు కూడా 2022 ఏప్రిల్ నుంచి 600 కాదు, 5,000. విదేశంలో తయారై వచ్చిన బండైతే 40,000.

"ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే టెన్షన్ లేదు" అట. ఐడీవీ (ఇన్సూరెన్స్ కంపెనీ బండికి కట్టే విలువ) అనే మాట ఆ రాసినాయన విన్నాడో లేదో. బండి ఐడీవీ ఆరు లక్షలైతే, రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే నాలుగున్నర లక్షలు దాటగానే టోటల్ లాస్ కింద, అంటే బండి పూర్తిగా పోయినట్టే రాస్తారు. బంపరు, ఒక హెడ్‌లైటు, రేడియేటర్, రెండు ఎయిర్‌బ్యాగులు పోతే చాలు, అంత అవుతుంది. అంత కాకపోతే ప్లాస్టిక్, రబ్బరు, ఎయిర్‌బ్యాగుల్లో సగం మీ జేబులోంచే. పదేళ్లు దాటిన బండికి ఇనుప సామానులోనూ సగం కోతే. ఈ కోత లేకుండా ఇచ్చే జీరో డెప్ పాలసీ అంత పాత బండికి మామూలుగా ఇవ్వరు.

ఇప్పుడు అసలు విషయం. ఈ మెసేజ్ చూస్తే నాకు కోపం కాదు, భయం వేసింది ఈ ఒక్క లైన్ వల్లే: "డ్యాష్‌బోర్డులో వార్నింగ్ లైట్లు వస్తే కంగారు పడొద్దు, అవి పాత బండ్లకు మామూలే, 500 ఇస్తే స్కానర్‌తో తీసేస్తారు."

ఎవరు రాశారయ్యా ఇది? స్కానర్‌తో పోయేది లైటు. లోపం ఎక్కడికీ పోదు. మిగతా లైట్లు సరే, ఎయిర్‌బ్యాగు లైటు కూడా అలాగే తీసేయించుకుంటే? గుద్దుకుని ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్న బండిని చవగ్గా కొని, కొత్తవి వేస్తే లాభం మిగలదని, ఆ వైర్ల కొసన కరెంటును అడ్డుకునే ఒక చిన్న రెసిస్టర్ పెట్టేస్తారు. బండి కంప్యూటర్ ఆ వైర్లలో రెసిస్టెన్స్ ఎంత ఉందో చూసుకుంటుంది, అంతే. లెక్క సరిపోయిందని లైటు ఆరిపోతుంది. స్టీరింగ్ మీద నక్షత్రం గుర్తు ఉంటుంది, దాని వెనక ఏమీ ఉండదు. ఆ బండిలో మీరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని విజయవాడ హైవే ఎక్కుతారు.

కాబట్టి లైటు లేదని సంతోషపడకండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగు లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి, అసలు వెలగకపోతే ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. సీటు బెల్టులు కిందిదాకా లాగి చూడండి, అడుగున గుడ్డ లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది. ముందు రెండు బెల్టుల్లో ఒకటి 2011, ఇంకోటి 2016 ఉంటే బండి ఎక్కడో గట్టిగా తగిలించుకుంది. పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద వేలితో నిమరండి, అతికించి రెగ్జిన్ తొడిగింది చేతికి తెలిసిపోతుంది. ఇంకొకటి, ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి పెండింగ్ రీకాల్ (లోపాన్ని సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలవడం) ఉందేమో కనుక్కోండి. టకాటా అనే కంపెనీ తన ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ అనే పేలుడు మందు ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే చెడిపోయి, పేలినప్పుడు ఇనుప ముక్కలు మొహం మీదికి వస్తాయి. బీఎండబ్ల్యూ లాంటి పెద్ద కంపెనీలే వాటిని వెనక్కి పిలిచాయి. విశాఖ, కాకినాడ గాలిలో పన్నెండేళ్లు తిరిగిన బండికి ఈ చెక్ తప్పనిసరి. ఈ పని 500 స్కానర్‌తో అవ్వదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. "షోరూముకి వెళ్లకండి, బయట మంచి షెడ్డు చూసుకోండి" అన్న పాయింట్ మీద దుమ్మెత్తిపోద్దామనే కూర్చున్నాను, కానీ అది నిజం. లెంఫర్డర్, సాక్స్, బోష్, మాలే లాంటి కంపెనీలు కార్ల కంపెనీలకు సప్లై చేసే సామానే సొంత డబ్బాలోనూ అమ్ముతాయి, మీద నక్షత్రం ఉండదు, రేటు బాగా తగ్గుతుంది. జర్మన్ బండ్లే చేసే మెకానిక్ దగ్గర, సరైన డయాగ్నస్టిక్ కిట్ ఉన్నచోట, పాత బెంజ్‌ని పద్ధతిగా నడపొచ్చు. ఔటర్ మీద వందలో వెళ్తున్నప్పుడు ఆ బండి కూర్చునే తీరు ఆ డబ్బుకు ఏ కొత్త బండిలోనూ రాదు, అదీ ఒప్పుకుంటాను. షెడ్డు మంచిదో కాదో తెలియాలంటే కూలెంట్ తగ్గినప్పుడు ఏం పోస్తున్నాడో చూడండి. కంపెనీ చెప్పిన కూలెంట్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోస్తే ఉండండి, బోరు నీళ్ల మగ్గు తెస్తే బండి తీసుకుని వచ్చేయండి. ఆ ఉప్పు నీళ్లు రేడియేటర్లో పేరుకుంటే ఇంజన్ వేడెక్కడం ఖాయం.

బావమరిదికి చెప్పింది మీకూ చెబుతున్నా. బండిని పొద్దున్నే, రాత్రంతా ఆగి చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకముందే చూడాలి, నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని. తర్వాత మీరే స్టార్ట్ చేసి ఆ మొదటి నిమిషం చప్పుడు వినాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే బ్రోకర్‌కి నమస్కారం పెట్టి, ఇంకో రోజు చెప్పకుండా వెళ్లండి.