పిన్నిని ఏడవనివ్వండి

బాబాయి పోయిన వారానికి ఇంటి ముందు షామియానా వేసి, ఇంటివాళ్లను ఓదార్చడానికని మా క్రైస్తవ సంఘం వాళ్లు ఆదరణ కూడిక పెట్టారు. పాటలయ్యాయి, వాక్యమయింది. తరువాత పిన్ని చేతికి మైకు ఇచ్చి "సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పమని. ముప్పై నాలుగేళ్ల కాపురం. రెండు మాటలు మాట్లాడింది, మూడో మాటకు గొంతు పూడుకుపోయింది. పక్కనే ఉన్న సంఘపెద్ద మైకు అందుకుని, "ఏడవకూడదమ్మా, మనం అన్యుల్లా దుఃఖపడకూడదు. ఆయన మహిమలో ఉన్నారు. స్తోత్రం చెప్పు" అన్నారు. పిన్ని స్తోత్రం చెప్పింది. షామియానా కింద అందరూ హల్లెలూయా అన్నారు.

ఆ రాత్రి వంటింట్లో మిక్సీ తిరుగుతూనే ఉంది. ఎంతకీ ఆగడం లేదని వెళ్లి చూశాను. కొబ్బరి ఎప్పుడో మెత్తగా నలిగిపోయింది. పిన్ని ఒక చేత్తో మూత నొక్కి పట్టుకుని, రెండో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

అప్పటినుంచి నాకు "అన్యుల్లా దుఃఖపడకూడదు" అన్న మాట వింటే ఒళ్లు మండుతోంది. ఆ మాటకు మూలం బైబిల్లో అపొస్తలుడు పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన ఉత్తరం. అందులో రాసింది ఏమిటి? నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దని. దుఃఖమే పడవద్దని కాదు. వాక్యంలో సగం మింగేసి, మిగిలిన సగంతో ఒక విధవరాలి నోరు మూయించడాన్ని ఆదరణ అంటున్నాం. పైగా ఇదే సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వెక్కి వెక్కి ఏడిస్తే అది ఆత్మాభిషేకం! సమాధి దగ్గర ఏడిస్తే అవిశ్వాసం!

దేవుడు తన స్వరూపమందు నరుని సృజించెనని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. స్వరూపం అంటే ఏమిటో చిన్నప్పటినుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. బుద్ధి అన్నారు, మాట అన్నారు, భూమి మీద ఏలుబడి అన్నారు. గుండె ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అయిదు అధ్యాయాలు దాటగానే, జలప్రళయానికి ముందు, మనుషులను చేసినందుకు యెహోవా "తన హృదయములో నొచ్చుకొనెను" అని ఉంది. మన తెలుగు బైబిల్లో నాకు మహా ఇష్టమైన మాట ఇది. పెళ్లికి పిలవలేదని మేనత్త నొచ్చుకుంది అంటామే, ఆ నొచ్చుకోవడమే. పరాయివాళ్ల మీద ఎవరూ నొచ్చుకోరు. మనసులో చోటిచ్చిన వాళ్లే అంత నొప్పి పెట్టగలరు.

వేదాంతం చదివిన మిత్రుడొకడు ఇక్కడ అడ్డుపడతాడని తెలుసు. దేవునికి ఉద్రేకాలు లేవని ప్రొటెస్టంటు సంఘాలు కొన్ని పాటించే 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలోనే ఉందంటాడు. ఉంది. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండే మన బుద్ధి ఆయనకు లేదని దాని భావమైతే నాకు అభ్యంతరం లేదు. కానీ మొదటి సమూయేలు 15వ అధ్యాయం తీసి చూడండి. సౌలును రాజుగా చేసినందుకు పశ్చాత్తాపపడుతున్నానని 11వ వచనంలో దేవుడే అంటాడు. పశ్చాత్తాపపడడానికి ఆయన నరుడు కాడని 29వ వచనంలో ప్రవక్త సమూయేలు అంటాడు. రాసినవారు రెండింటినీ పక్కపక్కనే ఉండనిచ్చారు. మనకే ఒకదాన్ని కొట్టేయాలన్న తొందర.

ఇక యేసు స్నేహితుడు లాజరు ఊరు, బేతనియ. ఆదివారపు బడిలో కంఠత వాక్యం చెప్పమంటే పిల్లలు ఎగబడి చెప్పేది "యేసు కన్నీళ్లు విడిచెను". మూడు మాటలే కదా, తప్పించుకోవచ్చు. నేనూ అలాగే తప్పించుకున్నాను. ఆ మూడు మాటల బరువు ఈ మధ్యనే తెలిసింది. లాజరు చనిపోయి సమాధిలో నాలుగు రోజులుగా ఉన్నాడు. కాసేపట్లో అతణ్ని లేపబోతున్నానని యేసుకు తెలుసు. తెలిసీ, లాజరు సోదరి మరియ ఏడుపు చూసి ఏడ్చాడు. "ఎలాగూ మళ్లీ చూస్తావుగా, ఎందుకమ్మా ఏడుపు" అని అనడానికి లోకంలో ఎవరికైనా హక్కు ఉంటే ఆ రోజు ఆయనకే ఉంది. ఆయన అనలేదు. మనం అంటున్నాం.

అలాగని నాకు కలిగే ప్రతి ఆవేశానికీ దేవుని ముద్ర వేసుకోను. మా సంఘంలో ఒకసారి క్రిస్మస్ నాటకంలో మరియ వేషం ఎవరి పాపకు ఇవ్వాలన్న దగ్గర మొదలైన గొడవ ఈస్టరు దాకా నడిచింది. రెండు వైపులవాళ్లూ తమది దైవిక రోషమే అన్నారు! యేసు కోపం మార్కు 3వ అధ్యాయంలో ఉంది. చెయ్యి ఊచకట్టి చచ్చుబడిన మనిషి ఎదురుగా ఉంటే, ఏ పనీ చేయకూడని విశ్రాంతిదినాన బాగుచేస్తాడా లేదా అని పొంచి చూసేవాళ్ల మీద అది. ఒకే వచనంలో కోపమూ ఉంది, దుఃఖమూ ఉంది, చివరికి ఆ చెయ్యి బాగుపడింది. మన కోపాలతో ఎవరి చెయ్యి బాగుపడిందో నాకైతే గుర్తు లేదు. ఇంకో చిత్రం, పెద్దలు అరిస్తే రోషం, కోడలు అరిస్తే శరీరకార్యం, అంటే పాపం.

కీర్తనల్లో 88వది ఉంది. "నా రక్షణకర్తవగు దేవా" అంటూ మొదలై, చీకటే నాకు బంధువర్గమాయెను అని ముగుస్తుంది. చివర్లో స్తోత్రం లేదు, ఆశ కూడా లేదు. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథం నుంచి ఎవరూ తీసేయలేదు. ఆ కీర్తనకారుడు మా షామియానా కిందకు వచ్చి ఉంటే రెండో చరణంలోనే మైకు లాక్కునేవాళ్లు.

వచ్చే నెల బాబాయి సంవత్సరీకపు జ్ఞాపకార్థ కూడిక. నిన్న పాస్టరు గారికి ఫోను చేసి, ఈసారి పిన్నికి మైకు ఇవ్వవద్దండీ, వీలైతే మీరు వచ్చి ఆవిడ పక్కన కాసేపు ఊరికే కూర్చోండి అన్నాను. అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు ఒక్క మాటా మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు కదా, ఒక గంట చాలు అని కూడా అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "మరి సాక్ష్యం ఎవరు చెబుతారు?" అని అడిగారు.