రెండే కదా!

అంకెలన్నిట్లోకీ ప్రమాదకరమైనది రెండు. నమ్మకం లేకపోతే ఏదైనా చెరువు గట్టు మీద కాసేపు నిలబడండి. ప్లాస్టిక్ కవరు పట్టుకుని ఒక దయామయుడు వస్తాడు. "రెండే కదా!" అంటాడు.

మా చెరువుకు ఆ దయ బావగారి రూపంలో వచ్చింది. అరెకరం కూడా లేని చేపల చెరువు. పైన బొచ్చె, నడుమ శీలావతి, అడుగున మోసు. ఎవరి అంతస్తు వాళ్లది, ఎవరి మేత వాళ్లది. ఇవి నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, పారే నీరు కావాలి. కాబట్టి మనం వదిలిన లెక్క దాటవు. ఇంత బుద్ధిగా ఉన్న సంసారంలోకి బావగారు తన ఇంట్లో చేపల తొట్టి ఇరుకైందని తిలాపియా చేపల జంటను తెచ్చారు.

వదిలే కార్యక్రమం నలభై నిమిషాలు నడిచింది. ఫోను అక్క చేతికిచ్చి, కవరు ఎత్తి పట్టుకుని, స్వేచ్ఛ మీద ఉపన్యాసం. సగంలో వీడియో ఆగిపోయిందని మళ్లీ మొదటి నుంచి. పిల్లలు రెండుసార్లు టాటా చెప్పారు. ఆడచేప మాత్రం నోరు బిగించుకుని ఉంది. "పాపం, బెదిరిపోయింది చూడు" అన్నారు బావగారు గొంతు పూడుకుపోయి. బెదురూ లేదు, పాడూ లేదు. దాని నోటినిండా పిల్లలున్నాయి! తిలాపియా తల్లి గుడ్లనూ పిల్లలనూ నోట్లోనే దాచుకుంటుంది. ఆయన వీడియో తీయించుకుని మరీ వదిలింది ఒక ఊరిని.

ఆ పిల్లలు మూడు నెలలకే తల్లులయ్యాయి. ఇప్పుడు గాలం వేస్తే వేలెడంత తిలాపియా. మళ్లీ వేస్తే దాని చెల్లెలు. ఆదివారాలు బావగారు వచ్చి ప్రతి చిన్నదాన్నీ కొక్కెం నుంచి సుతారంగా తీసి, "పెరగనీ" అని నీళ్లలో వేస్తారు. అదెక్కడ పెరుగుతుంది? కిక్కిరిసిన చెరువులో తిండి చాలక గిడసబారింది. వయసుకు అది అమ్మమ్మ. ముందు ఏరేయాల్సింది చిన్నవాటినే మహాప్రభో అంటే, కసాయిని చూసినట్టు చూస్తారు. పెద్దది పడితే మాత్రం చప్పుడు లేకుండా సంచిలోకి.

మొన్న రెండు రోజులు మబ్బు పట్టింది. తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే బొచ్చెలు నోళ్లు పైకెత్తి కొట్టుకుంటున్నాయి. నీళ్లలో ప్రాణవాయువు బాగా పడిపోయే వేళ అది. ఊపిరాడకపోతే పెద్ద చేపలే ముందు పోతాయి. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ పెట్టేలోపు పదకొండు వెల్లకిలా తేలాయి. మూడేళ్లు సాకినవి. నా అడుగుల చప్పుడుకే గట్టు దగ్గరికి వచ్చేవి. తిలాపియా ఒక్కటీ చావలేదు.

ఏమయ్యా, మీకు మొహం మొత్తిన చేపను పారేయడానికి పక్కవాడి చెరువే దొరికిందా? అడగక్కర్లేదా? రేపు గట్టు తెగితే ఇవి కాలువలోకి, అక్కడి నుంచి నదిలోకి పోతాయి. అప్పుడు ఎవడు ఏరతాడు, మీ వీడియోకి లైకులు కొట్టినవాళ్లా?

ఇక నీళ్లన్నీ తోడి, అడుగు పగుళ్లిచ్చేదాకా ఎండబెట్టడం తప్ప దారి లేదు. మోటారు బిగిస్తుంటే బావగారు వచ్చారు.

"ఇంత టెన్షన్ ఎందుకు? కొర్రమీను చిన్న చేపల్ని తినేస్తుందట."

చేతిలో కవరు.

"ఎక్కువ తేలేదులే."