“మీ తర్వాత ఎవరు చూస్తారు?” అని అడిగేవాళ్ళందరికీ

మా అన్నయ్యకు డౌన్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చేది, మాట, నేర్చుకోవడం కాస్త నెమ్మదిగా సాగుతాయి. మా అమ్మానాన్నలతో కాస్త చనువు ఏర్పడిందంటే చాలు, ఎవరైనా గొంతు తగ్గించి ఒక మాట అడుగుతారు. “మీ తర్వాత అతన్ని ఎవరు చూస్తారండీ?” అడిగి, నా వైపు చూస్తారు. చెల్లెల్ని కదా, జవాబు నేనే అని వాళ్ళ లెక్క. అన్నయ్య పక్కనే కూర్చుని అంతా వింటూ ఉంటాడు. తన గురించిన ప్రశ్న తనను మాత్రం ఎవ్వరూ అడగరు.

అన్నయ్య నాకు బరువు కాడు. నేను ఉన్నంతకాలం తనకు తోడుంటాను, ఆ సంగతి ఎవరూ నాకు గుర్తు చేయక్కర్లేదు. నాకు కోపం ఎక్కడొస్తుందంటే, ఒక మనిషి నిండు జీవితానికి ఒక్క చెల్లెల్ని చూపించి లోకమంతా చేతులు దులిపేసుకోవడం దగ్గర. రేపు నాకు జబ్బు చేయొచ్చు. నాకంటే అన్నయ్యే ఎక్కువ కాలం ఉండొచ్చు.

ఈ మాట అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఇలాంటి పిల్లలు ఎక్కువకాలం బతకరని ఇంకా అనుకుంటున్నారు. అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ సగటు ఆయుర్దాయం 25 ఏళ్ళు. ఇప్పుడు 60 దాకా వచ్చింది. దీనికి మూలమైన తేడా, అంటే ఒంట్లోని కణాల్లో 21వ క్రోమోజోము రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటం, అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని పోగొట్టే మందేమీ రాలేదు. ఇలా పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. వీళ్ళకు ఆపరేషన్ ఎందుకులే అని వదిలేసిన రోజులున్నాయి. ఇప్పుడు నెలల వయసులోనే చేసి బతికిస్తున్నారు. ఇంటికి దూరంగా ఎక్కడో పెద్ద పెద్ద సంస్థల్లో పడేసే అలవాటు తగ్గి, పిల్లలు తల్లిదండ్రుల దగ్గర పెరగసాగారు. అలా ఒకటి రెండు తరాల్లోనే ముప్పై అయిదేళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది. ఆ ముప్పై అయిదేళ్ళూ ఎక్కడ, ఎవరి మధ్య, ఏం చేస్తూ బతకాలన్న ఆలోచన మాత్రం ఇంట్లోవాళ్ళకే వదిలేశారు.

మాలాంటి ఇళ్ళవాళ్ళతో నేను చాలా మాట్లాడాను. పసిపాపను చేతిలో పెట్టుకున్నవాళ్ళతోనూ, డెబ్బై దాటినవాళ్ళతోనూ. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి అందరూ ఒకచోటికే వస్తారు. మా బిడ్డ ఒకరోజు కనబడకపోతే “ఏమైంది, ఇవాళ రాలేదేం?” అని అడిగే మనుషులు ఇంటి బయట నలుగురు ఉండాలి. సమాజం ఎంతవరకు కలుపుకుందో కొలవడానికి నా దగ్గరున్న కొలత ఇదొక్కటే.

ఆ నలుగురూ నలభయ్యో ఏట ఆకాశం నుంచి ఊడిపడరు. అయిదో ఏట పక్కన కూర్చున్నవాళ్ళలోంచే రావాలి.

అన్నయ్య మొదటి కొన్నేళ్ళు మామూలు బడికే వెళ్ళాడు. తర్వాత “మిగతా పిల్లల చదువు వెనకబడుతోంది, మీవాడి మంచికే చెబుతున్నాం” అని ఆ బడివాళ్ళు పంపించేశారు. ప్రత్యేక బడిలో చేరాడు. అక్కడి టీచర్లంటే నాకు గౌరవం, ఎంతో ఓపిగ్గా నేర్పారు. కానీ ఏం జరిగిందో చూడండి. మొదటి బడిలో తనతో చదివినవాళ్ళు ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే పేరు పెట్టి పిలిచి, ఆగి మాట్లాడతారు. వాళ్ళలో ఒకతను తన పెళ్ళి కార్డు మీద అన్నయ్య పేరు రాసి, అన్నయ్య చేతికే ఇచ్చాడు. ఆ తర్వాతి ఏళ్ళలో మా చుట్టుపక్కల పెరిగిన పిల్లలకేమో అన్నయ్య అంటే పొద్దున్నే వ్యాన్ ఎక్కి వెళ్ళిపోయే ఒక మనిషి, అంతే. పాపం, వాళ్ళననడానికేముంది? తెలుసుకునే అవకాశం వాళ్ళకు ఎవరిచ్చారు?

“మిగతా పిల్లల చదువు” అన్న సాకు విని విని విసుగొచ్చేసింది. ఇటలీ 1977లోనే చట్టం చేసి, వేరు తరగతులు ఎత్తేసి, వైకల్యం ఉన్న పిల్లలను అందరితో కలిపి కూర్చోబెట్టింది. శిక్షణ ఉన్న సహాయ టీచర్లు సరిపడా లేకపోవడం లాంటి తిప్పలు అక్కడా ఉన్నాయి. అయినా ఆ దేశం వెనక్కి పోలేదు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాలు కూర్చుని, పిల్లలందరికీ ఒకే బడి అని ఒప్పుకున్నాయి. 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం దాన్ని హక్కు చేసింది. అంటే బడి గేటు దగ్గర మా అమ్మ అడిగింది దయ చూపమని కాదు.

ఊరికే కుర్చీ వేస్తే సరిపోదు, ఆ మాటా చెప్పాలి. వెనక బెంచీలో రంగులేసుకునే పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టి “మేం చేర్చుకున్నాం” అని ఫొటోలు పెట్టేవాళ్ళున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు సాధారణంగా విన్నది గుర్తుంచుకోవడం కష్టం, చూసింది బాగా పడుతుంది. నోటితో చెప్పగలిగినదానికన్నా అర్థం చేసుకునేది చాలా ఎక్కువ. వినికిడి లోపం కూడా చాలామందిలో ఉంటుంది. గడగడా పాఠం చెప్పేసి అప్పజెప్పమంటే ఆ పిల్లాడు ఓడిపోక ఏం చేస్తాడు? బొమ్మ చూపించండి. మాటను కాగితం మీద రాయండి. పాఠాన్ని చిన్న ముక్కలు చేయండి. జవాబు కోసం ఇంకాస్త ఆగండి. ఇలా చెబితే ఆ క్లాసులో ఇంకో పదిమందికి కూడా పాఠం తలకెక్కుతుంది.

ఇక డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ విజయగాథలు. మాకు రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు. స్పెయిన్‌లో పాబ్లో పినేదా యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్నాడు. 2020లో ఫ్లోరిడాలో క్రిస్ నికిచ్ ఈత, సైకిల్, 42 కిలోమీటర్ల పరుగు మూడూ ఉన్న ఐరన్‌మ్యాన్ పోటీ పూర్తి చేశాడు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో మొదటివాడు. 2023లో మార్ గల్సెరాన్ స్పెయిన్‌లోనే వాలెన్సియా ప్రాంతీయ చట్టసభకు వెళ్ళింది. వీళ్ళ ఫొటోలు చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి, నిజంగా. పుట్టిన గంటలోనే “ఇది చేయలేడు, అది చేయలేడు” అన్న జాబితా విన్న తల్లికి ఆ ఫొటో ఎంత ధైర్యమో మా అమ్మను చూస్తే తెలుస్తుంది. కానీ మా అన్నయ్య ఒక బెంచీ మీద చోటు కోసం 42 కిలోమీటర్లు పరిగెత్తి చూపించాలా? మీరెవరైనా పరిగెత్తారా?

దీనికి ఇంకో కొస ఉంది. “వీళ్ళు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు, దేవుడి పిల్లలు” అనడం. అన్నయ్యకు కోపం వస్తుంది. అలుగుతాడు. విసుగు పుడితే లేచి వెళ్ళిపోతాడు. ఈ మాట నేను గట్టిగా ఎందుకంటున్నానంటే, డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్ళకూ డిప్రెషన్ వస్తుంది, థైరాయిడ్ మందగిస్తుంది. మనిషి మూగబోతే “సిండ్రోమ్ కదా, అంతేలే” అని పరీక్ష చేయకుండా పంపేస్తే నష్టపోయేది మా వాళ్ళు.

అన్నయ్య ఇప్పుడు ఒక లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేస్తున్నాడు. అంతకుముందు “శిక్షణ” పేరుతో ఏళ్ళ తరబడి జీతం లేని పనులు చేశాడు. సర్టిఫికెట్లు బీరువాలో ఓ ఫైలు నిండా ఉన్నాయి. ఇప్పుడు జీతం వస్తుంది, తప్పు చేస్తే మాటా పడుతుంది. ఒకరోజు ఆలస్యమైతే వాళ్ళు ఫోన్ చేశారు. నాకూ కాదు, నాన్నకూ కాదు, అన్నయ్య నంబరుకే చేసి “ఎక్కడున్నావయ్యా, బండెడు పుస్తకాలొచ్చి పడున్నాయి” అన్నారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ ఫోన్ కోసమే కదా ఇన్నేళ్ళూ చూసింది.

ఆ తోటి ఉద్యోగుల విలువ ముందుముందు ఇంకా పెరుగుతుంది. జ్ఞాపకశక్తిని తినేసే అల్జీమర్స్ జబ్బుతో ముడిపడిన ఏపీపీ అనే జన్యువు ఉండేది 21వ క్రోమోజోము మీదే. అందుకే డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకు ఆ జబ్బు మామూలుకన్నా ముందే, చాలామందికి యాభైల్లోనే మొదలవుతుంది. దాన్ని గుర్తుపట్టాలంటే ఆ మనిషి నిన్న ఎలా ఉండేవాడో తెలిసినవాళ్ళు ఉండాలి. “ఎప్పుడూ తప్పనివాడు, ఈమధ్య అరలు తప్పుతున్నాడు” అని చెప్పగలిగేది రోజూ పక్కన పనిచేసేవాళ్ళే. రెండు పూటలా కొత్త మనుషులు మారే చోట అది ఎవరికి తెలుస్తుంది?

సంతకాల గొడవ వేరే ఉంది. బ్యాంకులో, ఆస్పత్రిలో అన్నయ్య ఎదురుగా నిలబడి ఉన్నా నాతోనే మాట్లాడతారు. ముందు చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోనే 12వ అధికరణం ప్రకారం నిర్ణయం తనది, దానికి కావలసిన సాయం అందేలా చూడటం ప్రభుత్వాల పని. మా అమ్మకు ఇక్కడ భయం. ఎవరైనా మోసం చేస్తే, ఎక్కడైనా సంతకం పెట్టించుకుంటే? ఆ భయం ఉత్తుత్తిది కాదు, అలా జరిగిన ఇళ్ళు నాకు తెలుసు. అయినా అమ్మతో నేను ఏకీభవించను. నా డబ్బు నేను ఖర్చు పెట్టి, ఒకటి రెండుసార్లు నష్టపోయి, తర్వాత జాగ్రత్త పడే హక్కు నాకున్నప్పుడు అన్నయ్యకెందుకు ఉండదు? ఇద్దరం దీని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.

ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినమని మార్చి 21న రంగురంగుల సాక్సులు వేసుకునే మిత్రులకు ఒక మాట. వేసుకోండి, మాకు సంతోషమే. మర్నాడు మీ పిల్లల క్లాసులో ఇలాంటి పాప ఉందేమో కనుక్కోండి. ఉంటే పుట్టినరోజుకు పిలవండి. లేకపోతే ఎందుకు లేదో బడిని అడగండి. మీ చేతిలో ఉద్యోగం ఉంటే ఇవ్వండి, జీతంతో సహా.

ఇక ఆ ప్రశ్నకు జవాబంటారా, మొన్న నేనే అన్నయ్యను అడిగాను. తనతో పనిచేసే స్నేహితుడితో కలిసి వేరే ఇంట్లో ఉంటానన్నాడు. పనికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలని షరతు కూడా పెట్టాడు. వారానికి కొన్ని పూటలు వచ్చి లెక్కలు, మందులు చూసే మనిషి దొరికారు. అమ్మ సగం మనసుతో ఒప్పుకుంది. ఇప్పటిదాకా చూసిన ఇళ్ళలో, అద్దెకుండేది ఎవరో తెలిశాక కూడా సరేనన్న యజమాని ఒక్కరూ లేరు. వెతుకుతున్నాం.