నోటి టేపు గారికి, అనంతపురం నుంచి ఒక భార్య రాయునది

శ్రీ నోటి టేపు గారికి,

ఏమప్పా, బాగున్నావా? నిద్రలో నోరు తెరుచుకోకుండా, ముక్కుతోనే ఊపిరి పీల్చేటట్టు రాత్రిపూట పెదవుల మీద అంటించుకునే పట్టీవి గదా నువ్వు. కొరియర్‌లో మా ఇంటికొచ్చిన రోజే నీ పెట్టె మీద బొమ్మ చూశాను. నున్నటి గడ్డం, పై పెదవి మీద ఒక్క వెంట్రుక లేదు. నిన్ను తయారుచేసినవాళ్లు రాయలసీమ మొహం చూసి ఉండరని అప్పుడే డౌటొచ్చింది. మా ఇంటాయనది మెలితిప్పిన మీసం. సగం పెదవికి, సగం మీసానికి అంటుకున్నావు. పొద్దున పీకినప్పుడు ఆయన పెట్టిన కేకకు పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

మీసందేముంది, మళ్లీ వస్తుంది. నా గొడవ వేరే. నిద్రలో నోరు ఊరికే తెరుచుకుంటుందా? ముక్కు లోపలి దూలం వంకరో, అలర్జీయో, పిల్లలకైతే ముక్కు వెనకాల ఎడినాయిడ్స్ అనే కండ వాపో ఉండి ముక్కుతో గాలి చాలకపోతే తెరుచుకుంటుంది. మా దగ్గర ఎండాకాలం దుమ్ము, శనక్కాయలు కొట్టేటప్పుడు పొట్టు, తాడిపత్రి వైపు పోతే నాపరాళ్ల పొడి, ఇన్నిటి మధ్య ముక్కులు సాఫీగా ఆడే రోజులే తక్కువ. అర్ధరాత్రి ఆ ముక్కు కాస్తా దిబ్బడేస్తే, మిగిలిన ఒక్క దారినీ నువ్వు మూసేసి కూర్చుంటావు.

ముక్కుతో పీల్చడం మంచిదే, కాదనను. గాలి వడకట్టుకుని, తడి తగిలి, వెచ్చబడి లోపలికి పోతుంది. కానీ దానికి నువ్వే దిక్కని ఎవరు చెప్పారు? నీ మీద అంతకుముందు వచ్చిన 10 అధ్యయనాలను కలిపి చూసి, 2025లో ప్లాస్ వన్ అనే సైన్సు పత్రికలో అచ్చేశారు, అన్నిట్లోనూ కలిపి మనుషులు 213 మంది. మా వీధిలో పెళ్లయితే మొదటి పంక్తికే అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు. వాటిలో రెండింటిలో కొద్దిగా మేలు కనబడింది, నాలుగేమో ముక్కు మూసుకుపోయినవాళ్లకు ఊపిరాడకపోయే ప్రమాదం ఉందన్నాయి. రీల్స్‌లో నిన్ను అంటించుకుని నవ్వేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పరే!

అసలు టెన్షన్ ఇంకోటుంది. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు నిద్రలో 10 సెకన్లు, అంతకంటే ఎక్కువసేపు కూడా ఊపిరి ఆగుతుంది, తీవ్రమైతే గంటకు 30 సార్లు, ఆపైన కూడా ఊపిరి ఆగడమో, తగ్గడమో జరుగుతుంది. గురక గర్‌ర్‌మని సాగి సాగి ఉన్నట్టుండి ఆగిపోతే నాకు మెలకువొచ్చి, ఆయన్ను కుదిపి, పక్కకు తిప్పి పడుకోబెడతాను. నువ్వు ఆ చప్పుడు నొక్కేస్తే నాకెట్లా తెలుస్తుంది? ఇక పండగనాడు సంగటి, మటన్ పులుసు దండిగా పట్టించి, దాని మీద మందు కూడా పడ్డాక రాత్రి వాంతొస్తే అది బయటికి పోయే దారేది, ఊపిరితిత్తుల్లోకి తప్ప?

నీ పెట్టె మీద ‘హాయిగా నిద్ర’ అని పెద్దక్షరాలతో రాసుకున్నావు గదా, దాని పక్కనే ‘ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు, గురక పెట్టేవాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా వాడొద్దు, మందు తాగిన రాత్రి వద్దు, పిల్లలకు అసలే వద్దు’ అని తెలుగులో అచ్చేయించు. అప్పటిదాకా దెబ్బలకు కట్టుకట్టే డబ్బాలో పడుండు. మా ఇంటాయనకు సోమవారం ఈఎన్‌టీ డాక్టరు దగ్గర టోకెను తీశాను.

ఇట్లు,
పక్కన పడుకునే మనిషి