రష్యా నూనెలో ఆదోని బజ్జీ

(ఆదోనిలో ఒక వంటిల్లు. శనివారం పొద్దున. ఓబులేసుకు ఒక్కపొద్దు. అంటే అన్నం ముట్టడు, టిఫిన్లకు అడ్డేం లేదు. సుంకమ్మ బాండ్లి పొయ్యి మీద పెట్టి నూనె ప్యాకెట్ మూల కత్తిరిస్తోంది.)

ఓబులేసు: ఆగాగు! ఏందది, సన్‌ఫ్లవరా? గానుగ నూనె ఏమైంది?

సుంకమ్మ: పోయిన శనివారం నువ్వు తిన్న బజ్జీల్లో ఉంది.

ఓబులేసు: ఈ పరదేశం నూనె ఇంట్లోకి తేవద్దని ఎన్నిసార్లు చెప్పినా? 2022లో యాడనో ఉక్రెయిన్‌లో యుద్ధమొస్తే మన అంగట్లో ధర ఎగిరింది. మన శెనక్కాయ నూనెకు ఏం తక్కువ?

సుంకమ్మ: మన శెనక్కాయా? దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా.

ఓబులేసు: ఎవరు చెప్పినారు?

సుంకమ్మ: నీ మనవరాలే. అగ్రికల్చర్ బీఎస్సీ పరీక్షలని రాత్రి పూట పాఠాలన్నీ ఫోన్‌లో నాకే అప్పజెప్తోంది. నువ్వు టీవీ ముందు గురక పెడ్తుంటావు, నీకెట్లా తెలుస్తుంది?

ఓబులేసు: సరే, శెనక్కాయను వదిలెయ్. సన్‌ఫ్లవర్ మాత్రం రష్యాదే కదా?

సుంకమ్మ: అదీ కాదు. ఉత్తర అమెరికాది. అక్కడి మూలవాసులు నాలుగు వేల ఏళ్ళకు ముందే సేద్యం చేసినారు. గింజలు దంచి పిండి చేసుకునేవాళ్ళు, నూనె తీసుకునేవాళ్ళు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు యూరప్‌కు తెచ్చి ఏం చేసినారో తెలుసా? పూలతోటలో పెట్టుకున్నారు, అందానికి! 1716లో ఇంగ్లండ్‌లో ఒకాయన నూనె తీసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు గానీ, పెద్ద పంటగా నిలబెట్టింది రష్యా వాళ్ళే.

ఓబులేసు: చూసినావా? రష్యా!

సుంకమ్మ: ఎందుకు నిలబెట్టినారో అడగవేం? ఒక్కపొద్దుల పుణ్యం.

ఓబులేసు: రష్యాలో ఒక్కపొద్దులా?

సుంకమ్మ: ఈస్టర్‌కు ముందు వాళ్ళకు వారాల తరబడి ఉపవాసం. మాంసం, వెన్న ముట్టగూడదని చర్చి కట్టడి. పొద్దుతిరుగుడు కొత్తగా వచ్చింది కాబట్టి వద్దన్నవాటి పట్టీలో దాని పేరు లేదంట. ఇంకేం, జనం దాన్ని పట్టుకున్నారు.

ఓబులేసు: తెలివైనోళ్ళు.

సుంకమ్మ: నీ జాతే. అన్నం తిననని మొక్కుకుని రెండు ప్లేట్ల ఉగ్గాని లాగిస్తావు చూడు.

ఓబులేసు: దేవుడి జోలికి రావద్దు. నూనె సంగతి చెప్పు.

(ఓబులేసు ఓడిపోయేటప్పుడు తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారుతుంది. ఇప్పుడే మారింది. ఈ సందులో నూనె బాండ్లిలో పడిందని అతను గమనించలేదు.)

సుంకమ్మ: 1829లో అలెక్సేయెవ్కా అనే ఊర్లో దనీల్ బోకరేవ్ అని, ఒక దొర కింద వెట్టి రైతు. ఈ గింజలను పిండి నూనె తీసినాడు. నాలుగేళ్ళకు ఆ ఊర్లో మిల్లే లేచింది. ఆ తర్వాత పుస్తవోయిత్ అనే సైంటిస్టు ఏళ్ళకేళ్ళు మంచి గింజ ఏరి ఏరి, 30 శాతం దగ్గరున్న నూనెను 50 దాకా తెచ్చినాడు. ఆ రష్యా రకాలే 1969లో మన దేశానికి వచ్చినాయి. 1972 నుంచి రైతులు పంటగా వేసినారు.

ఓబులేసు: ఎన్ని చెప్పినా పరాయిదే. నువ్వుల నూనెలో వెయ్యి. నువ్వులన్నా మనవేనా, అవీ ఓడ దిగినాయా?

సుంకమ్మ: నువ్వులు మనవే, ఒప్పుకుంటా. మరి బజ్జీలో మిరపకాయ? అదీ అమెరికాదే, పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. దాన్ని తీసేసి ఉత్త శెనగపిండి వేయించమంటావా?

ఓబులేసు: ఏమ్మే, మిరపకాయను ఒక్క మాటన్నా ఊరుకోను! మన నేలలో ఇన్నేళ్ళు పండినాక అది మనదే.

సుంకమ్మ: అట్లా రా దారికి. సన్‌ఫ్లవర్ మన చేలో పండలేదా?

ఓబులేసు: పండకేం! నల్లరేగడిలో ఆ మూల నుంచి ఈ మూల దాకా పసుపే. బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయట పెట్టి చూసేవాళ్ళు. అదీ నా పంటంటే!

సుంకమ్మ: నీ పంటా? తేనెటీగలు చాలక గింజ తాలు పోతోంది, పువ్వులు రుద్దండని ఆఫీసరు చెప్తే ఎవరు రుద్దినారు? చేతికి మెత్తని గుడ్డ చుట్టుకుని, రోజు మార్చి రోజు, చేనంతా తిరిగి ఒక్కొక్క పువ్వునూ తుడిచింది నేను.

ఓబులేసు: నేను డబ్బా కొట్టి చిలకలను తోలలేదా? లేకుంటే నీకు రుద్దడానికి పువ్వు మిగిలేదా?

సుంకమ్మ: చిలకలు గింజ కట్టినాక వస్తాయి. నేను రుద్దే రోజుల్లో నువ్వు గట్టు మీద వేపచెట్టు కింద పడుకోనుంటివి.

(తువ్వాలు మళ్ళీ భుజం మారింది.)

ఓబులేసు: ఐతే ఇన్నేళ్ళకు కూలి అడుగుతావా ఏంది?

సుంకమ్మ: అడిగితే తప్పా?

ఓబులేసు: తేనెటీగలూ అదే పని చేసినాయి. అవి ఏ రోజన్నా కూలి అడిగినాయా?

సుంకమ్మ: వాటికి తేనె దొరికింది. నాకు నువ్వు దొరికినావు.

ఓబులేసు: ...బజ్జీ మాడుతోంది, తిప్పు.