ఇరవై లీటర్ల క్యాను గుట్టెక్కిన విధంబెట్టిదనిన

శనివారం వచ్చిందంటే హన్మకొండ కుర్రకారుకు ప్రకృతి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. పరకాల దాటినంక రేగొండ పక్క పాండవుల గుట్ట, అటు పెద్దపల్లి వైపు రామగిరి ఖిల్లా. ఏదైనా సరే, చీకట్ల ఎక్కాలి, బండ మీద పండాలి, పొద్దుపొడుపు చూసి దిగాలి. ఇందుకు రెండు అనుమతులు కావాలి. ఇంట్లోది ‘దోస్తు చెల్లె పెండ్లి’ అనగానే దొరుకుతుంది. అటవీ శాఖను అడుగుదామన్నవాణ్ణి గ్రూపులోంచి తీసేస్తారు.

సామాను జాబితాలో స్పీకరు, ట్రైపాడు, బొగ్గులు, మసాలా పట్టించిన చికెన్, ఎనిమిది బిర్యానీ పార్సిళ్లు. నీళ్లు చివర్న గుర్తొస్తాయి. మనిషికి నాలుగు లీటర్లు అనుకుంటే ఎనిమిది మందికి 32 లీటర్లు, అంటే 32 కిలోలు. ఎవరి నాలుగు కిలోలు వాళ్లు సంచిలో వెన్నుకు ఆనేలా సర్దుకుంటే సరిపోయేదే. కానీ అందులో ఐకమత్యం ఏముంది? అందుకే 20 లీటర్ల క్యాను కొంటారు.

ఆ క్యానుకు మెడ తప్ప పట్టు దొరికే చోటుండదు. ఇద్దరు మోస్తే, ముందువాడు బండ మీద కాలు పెట్టగానే నీళ్లన్నీ వెనక్కి ఊగి, బరువంతా కిందివాడి చేతుల్లో పడుతుంది. భుజానికెత్తితే మూత సందులోంచి కారి బనియను తడుస్తుంది. మొదటి మలుపులోనే ఒక మేధావి ‘జర తాగి బరువు తగ్గిద్దాం’ అంటాడు. పైకి చేరేసరికి ఏడు లీటర్లు మిగులుతాయి. అందులో రెండు బొగ్గులార్పడానికే.

సాయంత్రం వేడివేడిగా మూతబిగించిన బిర్యానీని రాత్రి పదకొండింటికి విప్పుతారు. పులిసిందో మసాలా ఘాటో చీకట్లో ఎవరు తేలుస్తారు? బియ్యప్పిండితో కాల్చే సర్వపిండి తెచ్చుకుంటే చెడేది కాదు గానీ అది ఫొటోలో నల్లగా పడుతుంది, పాపం.

ఎండిన బోద గడ్డి పక్కనే పొయ్యి. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు రాజేస్తే కేసవుతుంది, అది వేరే సంగతి. పాండవుల గుట్టలో రాతి చరియల కింద ఆదిమానవుల బొమ్మలున్నాయి. ఇన్నేండ్లు నిలిచినవి మన చికెన్ పొగకు ఆగుతాయా లేదా అని పరీక్షించాల్సిన బాధ్యత మనదే గదా!

చలికాలం దుప్పట్లన్నీ పైన కప్పుకుంటారు, కింద వట్టి బండ. అది ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. గొర్లకాపరి గొంగడి కింద పరుచుకునేది అందుకే, కానీ ఆయనకు ట్రెక్కింగ్ సర్టిఫికెట్ లేదు. తడిసిన బనియను మార్చుకోనివాడు మూడింటికి లేచి అందర్నీ లేపుతాడు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎలుగుబంటి ఏరుకు తినేదీ అప్పుడే, పొద్దుపొడుపు ఫొటో కోసం మనవాడు ఒంటరిగా చెట్లలోకి పోయేదీ అప్పుడే.

ఇక దిగుడు. బండ మీద పరుచుకున్న మొరం కాలి కింద గోళీల్లా దొర్లుతుంది. మడమను బూటు వెనక్కి ఆనించి, చీలమండ దగ్గర లేసు బిగించకపోతే పాదం ముందుకు జారి వేళ్లు మొనకు తగులుతాయి. బొటనవేలి గోరు నల్లబడుతుంది. ప్లేట్లు, సీసాలు, ఎముకలు పైనే ఉంటాయి. ఖాళీ క్యానును మాత్రం పసిపిల్లలా ఎత్తుకుని దింపుతారు. దాని మీద డిపాజిట్ ఉంది మరి.