మా ఊళ్ళో మందుపాతరలు ఎవరు పెడతారు?

ఇక్కడ అమెరికాలో కిందటి జులై ఫోర్త్ (స్వాతంత్ర్య దినం) పరేడ్‌లో మా టౌన్ పోలీసులు ఎంరాప్ అనే పెద్ద బండి తెచ్చి నిలబెట్టారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ రోడ్ల మీద మందుపాతరలు పేలినా లోపలివాళ్ళు బతకడానికని చేసిన బండి అది. మా అబ్బాయి దాని మెట్టెక్కాడు, ఫోటో నేనే తీశాను. ఇంటికొచ్చాక గానీ తట్టలేదు, ఇది మా ఊరికెందుకు?

1990ల నుంచీ 1033 ప్రోగ్రామ్ అని ఒకటి నడుస్తోంది. సైన్యానికి అక్కర్లేని సరుకు లోకల్ పోలీసులకు ఇచ్చేస్తారు, రవాణా, మెయింటెనెన్స్ ఖర్చు మాత్రం వాళ్ళది. ఇప్పటిదాకా ఇచ్చిన సరుకు అసలు ధర 700 కోట్ల డాలర్ల పైమాటే. 2017లో ప్రభుత్వ ఖర్చుల మీద కన్నేసి ఉంచే జీఏఓ అనే సంస్థ వాళ్ళు పరీక్షిద్దామని, అసలు లేనే లేని ఏజెన్సీ పేరుతో అప్లికేషన్ పెడితే 12 లక్షల డాలర్ల సరుకు చేతికొచ్చింది! 2014లో మిస్సోరీలోని ఫెర్గూసన్ వీధుల్లో నిరసనకారుల మీదకి పోలీసులు సైనిక బళ్ళతో దిగడం చూసి 2015లో ఒబామా ఈ ప్రోగ్రామ్‌కి పగ్గం వేశారు, 2017లో ట్రంప్ తీసేశారు, 2022లో బైడెన్ మళ్ళీ వేశారు, 2025లో ట్రంప్ మళ్ళీ తీసేశారు. ఇక వాషింగ్టన్‌ని నమ్ముకుని ఏం లాభం?

పోలీసులకు ఆయుధాలు వద్దని నేననను. 1997లో నార్త్ హాలీవుడ్‌లో ఒళ్ళంతా కవచాలు తొడుక్కుని ఆటోమేటిక్ రైఫిళ్ళతో వచ్చిన బ్యాంకు దొంగల ముందు పోలీసుల పిస్తోళ్ళు ఆగలేదు, ఆ భయం నిజమైనదే. కానీ 2022లో టెక్సస్‌లోని యువాల్డీలో ఒక దుండగుడు తుపాకీతో చొరబడ్డ స్కూలుకి 376 మంది ఆఫీసర్లు వెళ్ళారు, చేతుల్లో రైఫిళ్ళూ ఉన్నాయి, అయినా ఆ దుండగుణ్ణి కాల్చేసరికి 77 నిమిషాలు పట్టింది.

నాకు కావలసింది లెక్క. 2008లో మేరీల్యాండ్‌లోని బెర్విన్ హైట్స్‌లో మేయర్ ఇంటికే, ఆయన భార్య పేరు మీద, ఎవరో పంపిన గంజాయి పార్సిల్ వచ్చింది. వెనకాలే స్వాట్ టీమ్, అంటే ప్రమాదకరమైన పనులకు పంపే ప్రత్యేక సాయుధ పోలీసు దళం, తలుపు బద్దలుకొట్టి చొరబడి, రెండు కుక్కల్ని కాల్చేసి, మేయర్‌కీ ఆయన అత్తగారికీ బేడీలు వేసింది. ఆ ఇంట్లోవాళ్ళకి ఆ పార్సిల్‌తో ఏ సంబంధమూ లేదని తర్వాత తేలింది. మేయర్ అంతటితో ఊరుకోలేదు, స్వాట్ టీములు ఎన్నిసార్లు, ఎందుకు వెళ్ళాయో ఆర్నెల్లకోసారి చెప్పి తీరాలనే చట్టం కోసం పట్టుబట్టారు, 2009లో అది వచ్చింది. ఆ లెక్కలు చూసి 2018లో ఒక ప్రిన్స్‌టన్ పరిశోధకుడు చెప్పిందేమిటంటే, నేరాల రేటులో తేడాల్ని లెక్కలోకి తీసుకుని చూసినా నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే చోట్లకే స్వాట్ ఎక్కువగా వెళ్తోంది, దానివల్ల నేరాలు తగ్గినట్టుగానీ పోలీసులకు భద్రత పెరిగినట్టుగానీ ఆధారం లేదు. ఆ చట్టానికి ముందే గడువు పెట్టారు, 2014లో అయిపోయింది.

కాలిఫోర్నియా కాస్త నయం. 2021లో చేసిన చట్టం ప్రకారం ఇలాంటి సామాను వాడాలంటే కౌన్సిల్ బహిరంగ సమావేశంలో ఒప్పుకోవాలి, ఏటా రిపోర్టు ఇవ్వాలి, జనాన్ని పిలిచి మాట్లాడాలి. అక్కడ శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు కదా, ఆ మీటింగులకు ఎందరు వెళ్తున్నారు? స్కూల్ రేటింగుల గురించి గంటలు మాట్లాడతాం, ఇది మాత్రం మన గొడవ కాదనుకుంటాం.

మా రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు. బండి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు బయటికి తీశారు, ఎవరు ఒప్పుకున్నారు అని మా పోలీసు శాఖకు ఈమెయిల్ రాశాను. వివరాలన్నీ వెబ్‌సైట్లో ఉన్నాయని మర్యాదగానే జవాబొచ్చింది. వెళ్ళి చూస్తే ఉన్నవి పరేడ్ ఫోటోలు. ఒకదాంట్లో మా అబ్బాయి కూడా ఉన్నాడు.